పలక పట్టినవాడు

“కాంక్రీటు గురించి నీకెంత తెలుసు?”

నూడిల్స్ నోట్లో పెట్టుకోబోతున్న కుసకబే రియోజి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబడి తినే కొట్టు అది. మధ్యాహ్నం పన్నెండున్నర. పక్కన నిలబడి గిన్నెలో మిరియాల పొడి చల్లుకుంటున్న ఆవిడని చూస్తే పోస్టాఫీసులో స్టాంపులు అమ్ముకునే మనిషనుకుంటారు. ఆవిడ పేరు ఇకెగామి. దేశంలో నాలుగో నంబరు రహస్య విభాగానికి డైరెక్టరు.

“నాకంటే బాగా తెలిసినవాళ్ళున్నారు మేడమ్.”

“ఏజెంట్లలో లేరు. ఆరేళ్ళు కట్టుబడి కంపెనీలో ఇంజనీరుగా చేశావు. ఫైల్లో ఉంది. ఎందుకు మానేశావో మాత్రం లేదు.”

“ఆరోగ్యం బాగాలేక.”

అబద్ధం. గూఢచారికి అబద్ధం అన్నం పెడుతుంది, అందులో తప్పులేదు. కానీ ఇది ఈ ఉద్యోగంలో చేరకముందటి అబద్ధం. పదిహేడేళ్ళుగా నములుతున్నా మెత్తబడలేదు.

ఇకెగామి గిన్నె మీంచి తల ఎత్తకుండానే బ్రీఫింగ్ మొదలుపెట్టింది. “హినోసాకి రేవు. సముద్రంలో ముప్ఫైమూడు గాలిమరలు నిలబెడుతున్నారు. మొదటిది గురువారం. రేవు మీద మంత్రి, టీవీలు, బడిపిల్లలు. ఒక విదేశీ ముఠా దాన్ని పడగొట్టాలని చూస్తోంది. ఆ ముఠాని మేం ‘చిమ్నీ’ అంటున్నాం. బొగ్గు, గ్యాసు ఓడలు నడిపే పెద్దమనుషులు. వాళ్ళ వైర్‌లెస్‌లో దొరికిన ఒకే ఒక్క మాట, ‘మొదటిది పడితే మిగతావి ఎవరూ కట్టరు.’”

“లోపల మన మనిషి?”

“ఉంది. తోదోరోకి కనయే. పరాయి దేశంలో పెరిగి వచ్చింది. సముద్రం మీది పనికి ఇన్సూరెన్సు తరఫున సంతకం పెట్టే సర్వేయరు. చిమ్నీ ఆమెని తన మనిషి అనుకుంటోంది, మనం మన మనిషి అనుకుంటున్నాం. కోడ్‌నేమ్ నీటికాకి.”

“మెడకి తాడు కట్టి చేపలు పట్టించే పక్షి కదా, ఎవరికోసం పడుతోందో చూశారా?”

“అది చూడ్డానికే నువ్వు.” ఆవిడ ఒక పసుపు హెల్మెట్టూ ఒక పెన్నూ బల్ల మీద పెట్టింది. “హెల్మెట్లో రేడియో. పెన్ను పేలుడు మందు వాసన పడుతుంది, ఫోటో తీస్తుంది, తాళాలు తీస్తుంది.”

“రాస్తుందా?”

“రాయదు. ఇక నీ పేరు హోరియే. హెడ్డాఫీసు నుంచి వచ్చిన సేఫ్టీ ఆఫీసరువి. కనయేని కలవగానే ‘ముల్లంగికి పొగ సరిపోయిందా?’ అని అడుగు. ‘ఇంకో వారం పట్టాలి’ అంటుంది.”

ఆవిడ రైలెక్కి వెళ్ళిపోయింది. కుసకబే గిన్నెలో నూడిల్స్ చల్లారిపోయాయి.

*

మర్నాడు మంగళవారం. పొద్దున్న ఎనిమిదింటికి హినోసాకి రేవులో పియానో పాట మొదలైంది. నాలుగొందల మంది హెల్మెట్లతో వరసల్లో నిలబడి చేతులు పైకి, పక్కకి, నడుము వెనక్కి, పనికి ముందు రోజూ చేసే కసరత్తు. ఆ తర్వాత ఒక్కొక్క జట్టూ గుండ్రంగా చేరి ఆరోజు ఏం ప్రమాదం జరగొచ్చో ఒకడు చెప్పడం, అందరూ కలిసి వేలు చూపించి ‘సరే!’ అని అరవడం. దేశంలో ఏ పనిస్థలంలోనైనా ఇంతే. కుసకబే చేతులు వాటంతట అవే లేచాయి. మనసు దాచుకోగలడు గానీ, ఒంటికి పట్టిన అలవాటుని ఎక్కడ దాస్తాడు?

సైట్ డైరెక్టరు అనామి యాభై దాటిన మనిషి, గొంతు లారీ హారన్. కొత్త సేఫ్టీ ఆఫీసరుకి రేవంతా తిప్పి చూపించాడు.

“కరెంటు మేం చెయ్యమండీ హోరియే గారూ. కరెంటు నిలబడే చోటు చేస్తాం. ఈ రేవు నేల చూడండి, మామూలు రేవుకి ఏడింతల బరువు మోస్తుంది. మూడేళ్ళు పట్టింది. అదిగో ఆ ఓడ, షిరఫుజి. నాలుగు కాళ్ళు సముద్రం అడుగున దించి బల్లలాగా నిలబడుతుంది, నిలబడి స్తంభాన్ని ఎత్తుతుంది. మా నాన్న ఈ కంపెనీలోనే ఆనకట్టలు కట్టాడు. నేను రోడ్లేశాను. ఇప్పుడు ఇది. గాలి ఊరకే వస్తుంది గానీ దాన్ని పట్టే స్తంభం ఊరకే వస్తుందా?”

రేవు అవతల పాత బొగ్గు కరెంటు ప్లాంటు పొగ వదులుతోంది. ఈ మరలు తిరిగితే అది మూతపడుతుంది. తిరక్కపోతే ఇంకో ఇరవై ఏళ్ళకి కాగితం రాసుకుంటారు. ఊళ్ళో పిల్లల దగ్గు అందాకా ఆగాల్సిందే.

“తాతా!” ఎవడో కుర్రకూలీ అరిచాడు. “పలక మీద ఏం రాశారో చూసుకున్నావా? మళ్ళీ మినాసె కట్టేవు!”

అందరూ నవ్వారు. వాళ్ళు పిలిచిన ముసలాయన కూడా నవ్వాడు. అరవై ఎనిమిదేళ్ళుంటాయి, నడుం వంగింది, చేతిలో చెక్క పలక. మా దేశంలో కట్టుబడి పనికి ఫోటో లేకపోతే పని జరగనట్టే. ఫోటోలో పలక లేకపోతే ఫోటో తియ్యనట్టే. ఏ పని, ఎక్కడ, ఎన్నో నంబరు, అన్నీ సుద్దముక్కతో పలక మీద రాసి ఒకడు పట్టుకుంటాడు, ఇంకొకడు తీస్తాడు. ఆ పలక పట్టుకునే పనే ఈ ముసలాయనది.

కుసకబే కూడా నవ్వాడు. నవ్వకపోతే అనుమానం వస్తుందని. ఆ ఒక్క నవ్వుకి తర్వాత తనని తాను ఎన్నిసార్లు తిట్టుకున్నాడో లెక్కలేదు.

ఎందుకంటే ఆ ముసలాయన తోమిసావా మేస్త్రీ. మినాసె కట్టింది ఆయన కాదు, కుసకబే.

మినాసె డెబ్భైరెండు కుటుంబాల అపార్టుమెంటు. పునాదిలో పద్నాలుగో స్తంభం గట్టినేల దాకా దిగలేదు. గడువు ముంచుకొస్తోంది, వాన. ఇరవై ఎనిమిదేళ్ళ కుసకబే, సరిగా దిగిన పదమూడో స్తంభం దగ్గరే నిలబడి, పలక మీది పదమూడుని అరచేత్తో చెరిపి పద్నాలుగు రాశాడు. “మేస్త్రీ గారూ, ఇందాకటి ఫోటో మసకబారింది, ఇంకోసారి పట్టుకోండి” అన్నాడు. తోమిసావా పట్టుకున్నాడు. పలక పట్టినవాడి వైపు వెనక చెక్క ఉంటుంది. అక్షరాలు కెమెరా వైపు ఉంటాయి. పట్టినవాడికి ఏం రాసుందో కనపడదు.

రెండేళ్ళకి భవనం రెండు వేళ్ళంత వాలింది. ఎవరూ చావలేదు, కానీ డెబ్భైరెండు ఇళ్ళు ఖాళీ అయ్యాయి. ఫోటోలో ఉన్నది తోమిసావా చెయ్యి. టీవీల ముందు నడుము వంచి క్షమాపణ చెప్పింది తోమిసావా. కెమెరా వెనక ఎవరున్నారని ఒక్కడూ అడగలేదు. కుసకబే ఆ ప్రసారం నూడిల్స్ కొట్లో చూశాడు. గిన్నె కింద పెట్టి లేచి వెళ్ళి చెప్పాలనుకున్నాడు. పూర్తిగా తినేశాక చెబుదామనుకున్నాడు. ఆ తర్వాత రేపనుకున్నాడు. ఏం దాస్తున్నాడో తెలీకపోయినా, ఇంత బాగా నోరు మూసుకోగలవాడు మాకు కావాలని రహస్య విభాగం తీసుకుంది. దాంతో రేపు ఇంకా దూరం జరిగింది.

భోజనాల వేళ ముసలాయనే వచ్చి పక్కన కూర్చున్నాడు.

“హోరియే గారు కదూ? ముల్లంగి తీసుకోండి. మా ఆవిడ పొగలో ఆరబెట్టి ఊరేసింది.”

“ఆవిడ బాగున్నారా?” అనేశాడు కుసకబే. అన్నాక నాలుక్కరుచుకున్నాడు. ఇవాళే వచ్చిన హోరియేకి ఆవిడ సంగతి ఎలా తెలుస్తుంది?

తోమిసావా తడిగుడ్డతో పలక తుడుస్తున్నాడు. ఒక్కో మూలా, నిదానంగా, నల్లగా మెరిసేదాకా. “బాగానే ఉంది. కుట్టుపని మానేసింది, చూపు ఆనట్లేదు.”

“మేస్త్రీ గారూ, నేను…”

“నేనేం అడగలేదు బాబూ. పలక తుడుచుకుంటున్నా. చెరిపితే అడుగున ఉన్నది కనపడకుండా చెరపాలి. లేదా అసలు చెరపకూడదు.” ముల్లంగి డబ్బా ఇవతలికి జరిపాడు. “తినండి. చిక్కిపోయారు.”

తిట్టి ఉంటే బాగుండేది. చెంప పగలగొట్టినా బాగుండేది.

*

కనయే సాయంత్రం క్రేన్ కింద కనిపించింది. పనిబట్టల్లో కూడా సినిమా తారలా ఉంది. ఎర్ర లిప్‌స్టిక్, హెల్మెట్ కింద ముడి, చెవులకి ముత్యాలు. ఆమె నడిచివెళ్తుంటే వెల్డర్లు ముసుగులెత్తి చూస్తున్నారు.

“ముల్లంగికి పొగ సరిపోయిందా?”

“ఇంకో వారం పట్టాలి.” పెదవులు కదలకుండా చెప్పింది. “క్రేన్ క్యాబిన్. సీటు కింద. రేపు వాళ్ళ మనిషి పెట్టి వెళ్తాడు.”

బుధవారం పెన్ను కీచుమంది. సీటు కింద టిఫిన్ డబ్బా అంత బాంబు. కుసకబే నలభై సెకన్లలో తీగ కత్తిరించాడు. రేడియోలో ఇకెగామి గొంతు మొదటిసారి మెత్తబడింది. “శభాష్. రేపు వేడుక చూసి వచ్చెయ్.”

అతనికి నచ్చలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అడక్కుండానే బాంబు దొరికింది. కానీ ఇంకో రోజు గడిస్తే ఇక తోమిసావా మొహం చూడక్కర్లేదన్న ఆశ అనుమానాన్ని నొక్కేసింది. సిగ్గు చేసే పనుల్లో అదొకటి. కళ్ళు తెరిచే ఉంటాయి, చూపు మాత్రం పక్కకి తిప్పిస్తుంది.

*

గురువారం పది నలభై. తీరానికి మూడు కిలోమీటర్ల దూరంలో షిరఫుజి నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉంది. పొట్ట నీటికి ఒక మీటరు పైన. పదకొండింటికి ఓడ తన కాళ్ళ మీద తానే పదిహేను మీటర్లు పైకి లేస్తుంది, అంతెత్తు నుంచి స్తంభాన్ని ఎత్తి నిలబెడుతుంది. మీద తొంభైనాలుగు మంది ఉన్నారు.

ఓడ ఎక్కినవాళ్ళు ద్వారం దగ్గర బోర్డు మీదున్న తమ పేరు పలకని ఎర్రవైపుకి తిప్పాలి, దిగేటప్పుడు తెల్లవైపుకి. కుసకబే ‘హోరియే’ని ఎర్రగా తిప్పి లోపలికొచ్చాడు. డెక్ మీద తోమిసావా పలకతో సిద్ధంగా నిలబడి ఉన్నాడు. ఆయన కంటపడకుండా కుసకబే ఆఫీసు గదిలో దూరి, పని ఉన్నట్టు నటించడానికి ఒక ఫైలు తెరిచాడు.

సముద్రం అడుగున నాలుగు కాళ్ళు దిగే చోట్ల రంధ్రాలు వేసి తీసిన మట్టి ఫోటోలు. మట్టి కడ్డీల్ని చెక్కపెట్టెల్లో పేర్చి, పక్కన పలక పెట్టి తీసినవి. మొదటి కాలు, గట్టి ఇసుక. రెండో కాలు, గట్టి ఇసుక. మూడో కాలు…

అతని వేలు ఆగింది. మూడో కాలు పలక మీద ‘3’ వెనక తెల్లగా మసక. అడుగున ‘1’ నీడ. అరచేత్తో, తొందరలో, పైనుంచి కిందకి చెరిపారు. ఆ అరచెయ్యి ఎటు తిరుగుతుందో కుసకబేకి తెలిసినంతగా ప్రపంచంలో ఎవరికీ తెలీదు. పేజీ వెనక్కి తిప్పాడు. మొదటి పెట్టె చెక్కకి ఒక మూల కన్నులాంటి ముడి. మూడో పెట్టెకీ అదే మూల అదే కన్ను. మట్టి కడ్డీలో అదే వంకర పగులు. ఒకటే పెట్టె, రెండు నంబర్లు.

మూడో కాలి కింద ఏముందో ఎవరూ చూడలేదన్నమాట. కాదు, చూసినవాళ్ళు దాచారు.

“బాగా చేశారు కదూ?” కనయే తలుపుకి ఆనుకుని నిలబడి ఉంది. “పైన రెండు మీటర్లు గట్టి ఇసుక. కింద పన్నెండు మీటర్లు మెత్తటి బురద. ఓడ కిందున్నంతసేపు బాగానే మోస్తుంది. పైకి లేచి, క్రేన్ బరువెత్తిందంటే అప్పడంలా విరుగుతుంది.”

“పొద్దున్న కాళ్ళ మీద పరీక్ష బరువు పెట్టారుగా?”

“నాలుగ్గంటలు పెట్టాలి. మట్టి ఇంత బాగుంది కదా, అరగంట చాలని సంతకం పెట్టా.” నవ్వింది. “బాంబు నీకోసం. నీకూ ఏదో పనుండాలిగా.”

“ఈ ఫోటో…”

“నీ దగ్గర నేర్చుకుందే కుసకబే. మినాసె నా మొదటి కేసు. అప్పుడే ఇన్సూరెన్సులో చేరాను. ఆ రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టింది నేనే. పలక పట్టిన చెయ్యి దొరికింది, ఇక మూసెయ్యమన్నాడు మా బాసు. నేను మాత్రం కెమెరా వెనకున్నవాడి పేరు రాసిపెట్టుకున్నా.”

కుసకబే చెయ్యి ఆమె భుజం మీదకి లేచింది.

“పట్టుకో. ఎందుకు పట్టుకున్నావో చెప్పాలి కదా? ఆ ఫోటో నకిలీ అని నీకెలా తెలిసిందో చెప్పాలి కదా?” ఆమె వాచీ చూసుకుంది. “పదిహేడేళ్ళు చెప్పనివాడివి పదిహేడు నిమిషాల్లో చెప్తావా? మీవాళ్ళు ఇంకో ఏజెంటుని పంపిస్తే చంపెయ్యమంది చిమ్నీ. నిన్ను పంపారనగానే నేనే అన్నాను, వదిలెయ్యండి, సిగ్గున్న మనిషిని మించిన తాళం లేదని. నేను రేవు నుంచి చూస్తా. నువ్వూ ఆ పడవెక్కు, చోటుంది.”

చెప్పులు టకటకలాడించుకుంటూ మెట్లు దిగింది. కుసకబే చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. ఆమె చెప్పింది నిజం కాబట్టి ఆ చెయ్యి పడలేదు. అంతకంటే సిగ్గుచేటు, ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, ఆ పడవ గురించి ఆలోచించాడు.

హెల్మెట్ రేడియో నొక్కాడు. “మేడమ్, ఆపించండి. మట్టి ఫోటోలు నకిలీ. నీటికాకి వాళ్ళది.”

“ఆధారం?”

“నా కళ్ళు.”

“మంత్రిగారు మైకు ముందున్నారు. కళ్ళు చూపించి ఆపించలేను. అనామికి నువ్వే చెప్పు.” మళ్ళీ తనే అడిగింది. “ఎలా తెలిసిందని అడిగితే?”

“అదే మేడమ్ చిక్కు.”

కిటికీలోంచి తోమిసావా కనిపిస్తున్నాడు. గాలికి పలక ఊగకుండా రెండు చేతులా గుండెకి ఆనించి పట్టుకుని ఉన్నాడు. ఓడ కూలితే మూడో కాలి దగ్గర ఆఖరి ఫోటోలో ఉండేది మళ్ళీ ఆ చేతులే.

సైరన్ మోగింది. నేల కదిలింది. షిరఫుజి పైకి లేస్తోంది.

కుసకబే పరుగెత్తాడు.

*

కంట్రోలు గదిలో అనామి మైకు పట్టుకుని రేవు మీది జనానికి వ్యాఖ్యానం చెబుతున్నాడు. “…ఇప్పుడు మన ఓడ మూడు మీటర్లు లేచింది…”

“ఆపండి!”

“ఏమైందండీ?”

కుసకబే రెండు ఫోటోలూ బల్ల మీద పరిచాడు. “మూడో కాలి మట్టి ఎవరూ తియ్యలేదు. మొదటి కాలిదే మళ్ళీ ఫోటో తీశారు. చూడండి, చెక్క కన్ను.”

“అన్ని పెట్టెలూ ఒకే కొట్లో కొంటారయ్యా! కన్నులుండవా?” అనామి మొహం ఎర్రబడింది. “గవర్నమెంటు చూసింది, ఇన్సూరెన్సు చూసింది. తొమ్మిదేళ్ళు కష్టపడ్డాం ఈ ఒక్కరోజు కోసం. ఇవాళ ఆగిందంటే రేపటి పేపర్లో ఏమేస్తారో తెలుసా? నువ్వొచ్చి మూడు రోజులు. నకిలీదని నీకెలా తెలుసు?”

నాలుగున్నర మీటర్లు.

అనామి చేతిలో మైకు మీద ఎర్రదీపం వెలుగుతోంది. కుసకబే చూశాడు. ఇక్కడి మాట రేవు మీది పదహారు స్పీకర్లలో పడుతుంది. మంత్రి, టీవీలు, బడిపిల్లలు. ఆర్పమని అడగొచ్చు. అడిగితే, ఆరిపోయాక నోరు మళ్ళీ మూసుకుపోతుందని అతనికి తెలుసు.

“ఎందుకంటే నేను చేశాను,” అన్నాడు. “నా పేరు హోరియే కాదు. కుసకబే రియోజి. మినాసె అపార్టుమెంట్లో పద్నాలుగో స్తంభం ఫోటో తీసింది నేను. పదమూడుని అరచేత్తో చెరిపి పద్నాలుగు రాశాను. మసకబారిందని చెప్పి తోమిసావా మేస్త్రీ చేత పలక పట్టించాను. ఆయనకి ఏం రాసుందో తెలీదు. ఆయన టీవీలో తల వంచుకున్న రోజు నేను నూడిల్స్ తింటున్నాను. పూర్తిగా తిన్నాను. ఆ పలక మీద గుర్తు చూడండి అనామి గారూ. అది నా అరచెయ్యి నేర్పిన దొంగతనం. నన్ను ఏమైనా చేసుకోండి. ముందు ఓడ దించండి.”

రేవు నుంచి గాలిలో అతని మాటలే ఆలస్యంగా తిరిగొచ్చాయి. ‘…ఓడ దించండి…’

అనామి కదల్లేదు. ఆరు మీటర్లు.

“దించవయ్యా.” గుమ్మంలో తోమిసావా. మాట నెమ్మదిగానే ఉంది. “ఆ కుర్రాడు పనిలో అబద్ధం ఒక్కసారే ఆడాడు. ఇప్పుడు కాదు.”

“నీకు తెలుసా మేస్త్రీ? ఇన్నాళ్ళూ తెలుసా?”

“ఫోటో టీవీలో చూపించినప్పుడే మొదటిసారి చదివాను కదా, పలక మీద ఏముందో.”

అనామి ఎర్ర బటన్ మీద అరచెయ్యి వేసి కొట్టాడు. తర్వాత మైకులో అరిచాడు, ఈసారి నిజంగా లారీ హారన్ లాగే. “దించు! దించు! అందరూ పట్టుకోండి!”

ఐదు మీటర్లు. నాలుగు. ఓడలు పైకి లేచినంత నిదానంగానే కిందకి దిగుతాయి. రెండు. ఒకటి. పొట్ట నీటిని తాకి ఇంకో రెండు నిమిషాలు కాలేదు, సముద్రం అడుగున ఏదో పెద్దకుండ పగిలినట్టు చప్పుడైంది. మూడో కాలు ఒక్కసారి ఎనిమిది మీటర్లు దిగబడింది. ఓడ ఆ మూలకి ఒరిగింది. టీ కప్పులు బల్ల మీంచి జారి పగిలాయి. డెక్ మీద కట్టేసిన స్తంభం మూలిగింది, కానీ కట్లు తెంచుకోలేదు. నీళ్ళు ఓడ పొట్టని కింద నుంచి పట్టుకున్నాయి. గాల్లో ఉండి ఉంటే పట్టుకునేవాళ్ళెవరూ లేరు.

“లెక్క!” అన్నాడు అనామి.

పేరు పలకల బోర్డు లెక్కపెట్టారు. తొంభైనాలుగు ఎర్రవి. మనుషులు తొంభైముగ్గురు. ఎర్రగా ఉండీ ఓడ మీద లేని పేరు ఒక్కటి, తోదోరోకి కనయే. పరాయి దేశంలో పెరిగిన మనిషి. ఫోటో తియ్యడం మా దగ్గర నేర్చుకుంది గానీ, పలక తిప్పడం నేర్చుకోలేదు.

ప్రమాదం జరిగితే లెక్క తేలేదాకా ఏ పడవా రేవు చేరకూడదు. కనయే ఎక్కిన పడవ నడిపే ముసలావిడకి గూఢచారులు తెలీదు, చిమ్నీ తెలీదు, ఆ రూలు తెలుసు. రేవు ఇంకో వంద మీటర్లుందనగా రేడియోలో లెక్క విని పడవ వెనక్కి తిప్పింది. కనయే హ్యాండ్‌బ్యాగులోంచి పిస్తోలు తీసి చూపిస్తే ఆవిడ మొదట పిస్తోలుని, తర్వాత ఆమెని చూసి విసుక్కుందట.

“అది లోపల పెట్టమ్మా, తడుస్తుంది. ముందు వెళ్ళి నీ పేరు తిప్పు. తొంభైముగ్గురు నీకోసం ఎదురుచూస్తున్నారక్కడ.”

నిజంగానే ఎదురుచూస్తున్నారు. వెల్డర్లు ఈసారి ముసుగులు ఎత్తకుండానే ఆమెని పట్టుకున్నారు.

*

మధ్యాహ్నం రేడియోలో ఇకెగామి మాట్లాడింది. “చిమ్నీ వాళ్ళు మూడు ఊళ్ళలో దొరికారు. మంత్రిగారు నీకు థాంక్స్ చెప్పమన్నారు. నీ పేరు దేశమంతా విన్నది కుసకబే. గూఢచారికి ఇంతకంటే జబ్బు లేదు. పెన్ను తిరిగిచ్చెయ్.”

“ఇచ్చేస్తాను మేడమ్. అది ఎలాగూ రాయదు.”

“ఎక్కడికి వెళ్తావు?”

“మినాసె. డెబ్భైరెండు తలుపులున్నాయి. కొన్ని వేరే ఊళ్ళలో.”

అనామి వచ్చి, ఇంకో నలభై మీటర్లు పక్కకి జరిగి కొత్తగా రంధ్రాలు వేస్తామన్నాడు. నెలో రెండు నెలలో ఆలస్యమవుతుంది గానీ నిలబడుతుందన్నాడు. కుసకబే మొహంలోకి చూడకుండా చెప్పాడు. ఆ తర్వాత తోమిసావా ముందు హెల్మెట్ తీసి, నడుము సగానికి వంచి, చాలాసేపు అలాగే ఉండిపోయాడు. మంగళవారం పొద్దున్న నవ్విన కుర్రకూలీలు వెనక వరసలో నిలబడి బూట్లు చూసుకుంటున్నారు.

కుసకబే వంగలేదు. మోకాళ్ళ మీద కూర్చుని నుదురు ఇనప డెక్‌కి ఆనించాడు.

“మా ఆవిడ కుట్టుపని పెట్టుకుంది ఆ టీవీ తర్వాతే,” అన్నాడు తోమిసావా. “నాకెవరూ పనివ్వలేదు కదా. కళ్ళు దానికే పోయాయి. నువ్వు అడిగావుగా, బాగున్నారా అని. అందుకని చెప్తున్నా.”

“అవునండి.”

“క్షమించానో లేదో నాకే తెలీదు. ఇంటికెళ్ళి ఆవిణ్ణి అడగాలి. లే. ప్రమాదం ఫోటో తియ్యాలి, వెలుతురు పోతుంది.”

కుసకబే లేచి అలవాటుగా కెమెరా అందుకోబోయాడు. ముసలాయన కెమెరా తనవైపు లాక్కుని పలక అతని చేతుల్లో పెట్టాడు. అప్పటికే దాని మీద సుద్దముక్కతో ఏదో రాసి ఉంది.

“నేను తీస్తా. నువ్వు పట్టుకో.”

మూడో కాలి పక్కన కుసకబే పలక గుండెకి ఆనించి నిలబడ్డాడు. అతని కళ్ళ ముందు ఉత్త చెక్క. అవతల ఏముందో కనపడదు.

“చూసుకోవా?” అన్నాడు తోమిసావా కెమెరా వెనకనుంచి.

“వద్దండి. మీరు ఏం రాసినా సరే.”

“చూసుకోరా వెధవా! చూడకుండా పట్టుకునే నేను మునిగింది.”

కుసకబే పలక తిప్పాడు. చక్కటి, గుండ్రటి, పాతకాలపు చేతిరాత.

‘హినోసాకి. మూడో కాలు. నేల కూలింది. ఓడ ఆపినది కుసకబే రియోజి. ఆలస్యం పదిహేడేళ్ళు.’

ఇంజనీరు కదా, దిద్దడానికి ఏమైనా దొరుకుతుందేమోనని పైనుంచి కిందదాకా రెండుసార్లు చదివాడు. ఒక్క అక్షరం కూడా దొరకలేదు.